అరగంటలో పనిచేస్తే అది మూలిక కాదు

బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్క ప్రహరీల మీద 'నరాల బలహీనత', 'గుప్త రోగాలు' అన్న రాతలు ఇంకా చెరిగిపోలేదు. వాటికిప్పుడు ఫోను తోడైంది. వాట్సాప్‌లో ప్రకటన, ఇంటికొచ్చాకే డబ్బు, పెట్టె మీద మందు పేరు కనబడదు. 'పూర్తిగా వనమూలికలే, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు' అన్న భరోసా మాత్రం తప్పకుండా ఉంటుంది. ఆ మాట నమ్మి, గుండె జబ్బుకు మాత్రలు వాడుతూ అలాంటి పొడో లేహ్యమో బీరువాలో దాచుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ రాత్రి దాన్ని ముట్టుకోకండి.

పెన్నేరు గడ్డ, పిల్లిపీచర, నేలతాడి దుంప, పల్లేరు కాయ, దూలగొండి గింజ. మన పెద్దలు మగతనానికి మంచిదని చెప్పుకున్న సరుకు ఇది. వీటిలో ఏదీ అరగంటలో పనిచేసేది కాదు. ఆయుర్వేదం తన ఎనిమిది అంగాల్లో ఒకటిగా చెప్పిన వాజీకరణం కూడా ముందు ఒళ్ళు శుద్ధి చేసుకుని, పథ్యం పాటిస్తూ, పాలతోనో నేతితోనో రోజుల తరబడి పుచ్చుకునే వ్యవహారం. అన్నిటికన్నా గొప్ప వాజీకరణం మనసుకు సంతోషమిచ్చే స్త్రీయేనని చరకుడు తేల్చేశాడు కూడా. ఆ ముక్క చెబితే డేరా వైద్యుడికి బేరం ఉండదు.

కాబట్టి పొడి వేసుకున్న అరగంటకో గంటకో గుణం కనబడితే మురిసిపోవద్దు. అనుమానించాలి. అందులో సిల్డెనాఫిల్ కలిపి ఉండొచ్చు. 1998లో అమెరికాలో వయాగ్రా పేరుతో అనుమతి పొందిన మందు అది. డాక్టరు చీటీ మీద, మనిషిని బట్టి 25, 50, 100 మిల్లీగ్రాముల లెక్కన ఇవ్వాల్సింది. పొట్లంలో ఎంత పడిందో ఒక్కోసారి కలిపినవాడికే తెలియదు. మామూలు పరీక్షలకు చిక్కకుండా దాని రసాయనాన్ని కాస్త మార్చి కలిపే ఘనులూ ఉన్నారు. ఇదేదో మన బస్టాండుకే పరిమితమైన మోసం కాదు. 2007 నుంచి 2016 వరకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పట్టుకున్న 776 కల్తీ సప్లిమెంట్లలో దాదాపు 45 శాతం ఈ బాపతువే.

ప్రాణం తీసే ముడి ఎక్కడుందో చెప్పాలి. గుండె నొప్పి ఉన్నవాళ్ళు నాలుక కింద పెట్టుకునే మాత్ర నైట్రేట్ జాతిది. అది రక్తనాళాలను వదులు చేస్తుంది. సిల్డెనాఫిల్ కూడా ఆ పనే చేస్తుంది. రెండూ ఒంట్లో కలిస్తే బీపీ ఒక్కసారిగా పాతాళానికి పడిపోతుంది. మనిషి కూలబడిపోతాడు. అలా పొడి వేసుకున్న ఒకాయనకు అర్ధరాత్రి ఛాతీలో నొప్పి మొదలైందనుకోండి. ఆయన పొడి సంగతి సిగ్గుతో చెప్పడు. భార్యకు తెలియదు. అలవాటు ప్రకారం ఆమే ఆ మాత్ర నాలుక కింద పెడుతుంది. వేసుకున్నది సిల్డెనాఫిల్ అయితే కనీసం 24 గంటలు, అదే జాతికి చెందిన టాడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. పొట్లం మీద 'వనమూలికలు' అని రాసుంటే ఆ లెక్క చూసుకోవాలని ఎవరికి తోస్తుంది?

ఇంకో సంగతి దీనికంటే నెమ్మదిగా దెబ్బ తీస్తుంది. అంగస్తంభన తగ్గడం చాలామందిలో గుండె జబ్బుకు ముందస్తు కబురు. అక్కడి రక్తనాళాలు గుండె నాళాలకంటే సన్ననివి కనుక ముందు అవే పూడుకుపోతాయి. షుగరు కూడా ఒక్కోసారి మొదట అక్కడే బయటపడుతుంది. పొడితో ఆ కబురును నొక్కేసి, నాలుగు నెలలు బాగుందనుకుని, ఆపైన ఆంజియోగ్రామ్ బల్ల ఎక్కేవాళ్ళు ఉంటారు.

అసలు మూలికలైతే ఎంతైనా తినొచ్చా అంటే అదీ కాదు. మునక్కాయ మగతనం పెంచుతుందని సినిమాల్లో చూపిస్తే జనం నవ్వుకున్నారు. పులుసులో వేసుకు తినండి, మాకేం అభ్యంతరం లేదు. తొలిరేయి పాలలో చిటికెడు కుంకుమపువ్వు వల్లా భయం లేదు. జాజికాయ అలా కాదు. కూరలో గీకి వేసే పాటి సరే, ఐదు గ్రాములు, అంటే సుమారు ఒక కాయ, నూరి తాగితే గుండె దడ, వాంతులు, పిచ్చి భ్రమలు పుట్టొచ్చు. దూలగొండి గింజలో ఎల్-డోపా ఉంటుంది. వణుకు రోగానికి, మానసిక జబ్బులకు మందులు వాడేవాళ్ళకు అది చిక్కు తెస్తుంది. పెన్నేరు వల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికలకెక్కాయి. థైరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళు డాక్టరును అడక్కుండా తినకూడదు. భస్మం కలిపిన లేహ్యాలది మరో భయం. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని బాస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది.

గల్ఫ్‌కు వెళ్ళే మన వాళ్ళకు ఒక మాట. ఇలాంటి లేహ్యాల్లో గసగసాలు వేయడం మామూలే. దుబాయ్‌లో గసగసాలు నిషేధం. ఎవరో స్నేహితుడు అడిగాడని డబ్బా సంచిలో పెట్టుకుంటే విమానాశ్రయం నుంచే జైలు దారి పట్టాల్సి రావచ్చు.

కామశక్తి పెంచుతామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి ఆరు నెలల దాకా, మళ్ళీ దొరికితే ఏడాది దాకా జైలు. ఆ ప్రకటన గోడల మీద, ఫోన్లలో బాహాటంగా కనబడుతూనే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు రహదారి పక్క డేరాల నుంచి, ఆన్‌లైన్ సరుకు నుంచి నమూనాలు తీసి, ఏ పొట్లంలో ఏం దొరికిందో పేరుతో సహా వెంటనే ప్రకటించాలి. పట్టుకున్నామని రెండు లైన్ల పత్రికా ప్రకటన ఇచ్చి ఊరుకుంటే ఇంట్లో పొట్లం పెట్టుకున్నవాడికి ఏం తెలుస్తుంది?

పొడి వేసుకున్నాక ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, చూపు మసకబారడం, నాలుగు గంటలైనా తగ్గని స్తంభన, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేయండి. నాలుక కింద మాత్ర పెట్టొద్దు. వచ్చిన సిబ్బందికి మొదట చెప్పాల్సింది ఏం వేసుకున్నారో, ఎన్ని గంటలకు వేసుకున్నారో. పొట్లం ఖాళీ అయిపోయినా పారేయకండి, కాగితంతో సహా ఆస్పత్రికి పట్టుకెళ్ళండి.