ఆ చుక్క ముందు చంటిబిడ్డకు దక్కాలి

విటమిన్ డి విషయంలో మన ఇళ్లలో లెక్క తలకిందులైంది. చంటిబిడ్డకు పుట్టిన కొద్ది రోజుల నుంచే ఏడాది నిండేదాకా రోజూ 400 యూనిట్లు పట్టాలని భారత శిశువైద్యుల సంఘం చెబుతోంది. కానీ డాక్టరు రాసిన మొదటి సీసా అయిపోయాక రెండోది కొనడం చాలా ఇళ్లలో వెనకబడిపోతుంది. అదే ఇంట్లో పెద్దవాళ్లు ఒళ్లునొప్పులనీ నీరసమనీ మందుల షాపులో అడిగి, 60 వేల యూనిట్ల గుళికలు తెచ్చుకుని వారానికొకటి మింగుతుంటారు. ఆ ఒక్క గుళికలో ఉన్నది బిడ్డకు ఐదు నెలలు సరిపోయే మోతాదు.

తల్లిపాలకు సాటివచ్చే ఆహారం బిడ్డకు మరొకటి లేదు. అయితే ఆ పాలలో విటమిన్ డి చాలా తక్కువ, లీటరుకు 100 యూనిట్లు కూడా ఉండటం అరుదు. కడుపులో ఉన్నప్పుడు తల్లి దగ్గర తెచ్చుకున్న నిల్వే బిడ్డకు తొలి ఆధారం. తల్లికే కొరత ఉంటే బిడ్డ లోటుతోనే పుడుతుంది. తిరుపతి ప్రాంతంలో డాక్టర్ హరినారాయణ్ బృందం చేసిన అధ్యయనాల్లో పట్నవాసుల్లోనే కాదు, ఎండలో పనిచేసే పల్లెవాసుల్లోనూ ఈ కొరత విస్తారంగా కనిపించింది. కాబట్టి ‘మనకు ఎండకేం తక్కువ’ అన్న వాదన నిలవదు. పైగా పసిబిడ్డను లేత ఎండలో పడుకోబెట్టడం మన అలవాటు. చర్మంలో విటమిన్ తయారుచేసే కిరణాలు ఆ వేళకు నేలను చేరేది చాలా స్వల్పం. అవి బలంగా ఉండే మిట్టమధ్యాహ్నం బిడ్డను బయట ఉంచలేం. కిటికీ అద్దం వాటిని దాదాపుగా ఆపేస్తుంది. ‘మా కాలంలో ఈ చుక్కలున్నాయా, మేం పెరగలేదా’ అనే పెద్దల మాటలో, దొడ్డికాళ్లతో పెరిగిన పిల్లల ఊసు ఉండదు. కొరత ముదిరితే రక్తంలో కాల్షియం పడిపోయి బిడ్డకు ఫిట్స్ వస్తాయి, ఒక్కోసారి గుండె కూడా బలహీనపడుతుంది. రోజూ కొద్దిపాటి మందుతో తప్పించగల కష్టమిది.

పెద్దల సంగతి వేరు. అమెరికాలో 25,871 మందిపై జరిగిన వైటల్ పరీక్షలో రోజూ 2,000 యూనిట్లు ఐదేళ్లపాటు వాడినా కొత్తగా క్యాన్సర్ రావడం, గుండెపోట్లు తగ్గలేదు. ఎముకలు విరగడమూ తగ్గలేదని 2022లో తేలింది. వాళ్లలో ఎక్కువమందికి అసలు కొరతే లేదు, మన పరిస్థితి వేరు కదా అనవచ్చు. అది నిజమే. గర్భిణులకు, బాగా వయసు మళ్లినవారికి, ఎముకలు మెత్తబడినవారికి డాక్టరు మోతాదు నిర్ణయించి ఇవ్వాల్సిందే. అలాగని మోతాదు పెంచేకొద్దీ మేలు పెరగదు. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు దాటిన మహిళలకు ఏడాదికోసారి ఐదు లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, మందు తీసుకున్నవారే ఎక్కువగా పడిపోయారు, వారికే ఎముకలు ఎక్కువగా విరిగాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు మామూలుగా విటమిన్ డి రక్తపరీక్ష అక్కర్లేదని అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2024లో సూచించింది. అయినా ప్యాకేజీ పరీక్షల్లో ఒక అంకె తక్కువగా కనిపించగానే గుళికలు మొదలవుతున్నాయి, ఎప్పుడు ఆపాలో చెప్పేవారుండరు. నెలల తరబడి అతిగా వాడితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

బిడ్డకు మోతాదు మించిపోతుందేమోనన్న భయం మాత్రం అర్థవంతమైనది. షాపులో దొరికే సీసాల్లో కొన్నింటిలో మిల్లీలీటరుకు 400 యూనిట్లు, కొన్నింటిలో 800 ఉంటాయి. మొదటి రకానికి అలవాటుపడిన తల్లి రెండోది తెచ్చుకుని అంతే పడితే, రోజూ రెండింతలు వెళుతుంది. అందుకే సీసా మారినప్పుడల్లా లేబుల్ మీది అంకె చూసుకోవాలి, దాంతో వచ్చిన డ్రాపర్‌నే వాడాలి. పోతపాల డబ్బాలో ఇప్పటికే విటమిన్ డి కలిపి ఉంటుంది కనుక, ఆ పాలు తాగే బిడ్డకు చుక్కలు ఎంత పట్టాలో డాక్టరును అడగాలి. ప్రసవమయ్యాక ఆరు వారాలపాటు ఆశా కార్యకర్త ఇంటికి వస్తూనే ఉంటుంది. బరువు, పాలు, టీకాల గురించి అడిగేటప్పుడే ‘సీసా ఎంత మిగిలింది, చూపించమ్మా’ అని ఆమె అడగాలి. కొనలేని తల్లికి ఆ సీసా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరకాలి, ఏడాది నిండేదాకా.