సూరత్ మురుగునీటి పునర్వినియోగం: లీటర్ల లెక్క ఒక్కటే చాలదు

గుజరాత్‌లోని సూరత్ నగరం ఇళ్ల మురుగునీటిని శుద్ధి చేసి పరిశ్రమలకు విక్రయిస్తోంది. బమ్రోలీలో నగరపాలక సంస్థ నెలకొల్పిన శుద్ధి కేంద్రం 2014 నుంచి పాండేసరా పారిశ్రామికవాడకు ఈ నీటిని అందిస్తోంది. దాని సామర్థ్యం రోజుకు 4 కోట్ల లీటర్లు. అద్దకం, ముద్రణ కర్మాగారాలు ఆ మేరకు మంచినీటిపై ఆధారపడనవసరం లేదు. తెలంగాణ నుంచి వలస వెళ్లిన అనేక నేత కుటుంబాలకు సూరత్ మరమగ్గాలే జీవనాధారం కనుక ఈ ప్రయోగం తెలుగువారికీ సంబంధించినదే.

అద్దకానికి వాడే నీటిలో కాఠిన్యం, లవణాలు అధికంగా ఉంటే రంగు సమంగా పట్టదు. సాధారణ మురుగు శుద్ధి సేంద్రియ వ్యర్థాలను తగ్గిస్తుందే తప్ప కరిగిన లవణాలను తొలగించదు. ఆ పని వడపోత పొరలది. బమ్రోలీలో మొదట అల్ట్రా ఫిల్ట్రేషన్ పొరలు సన్నని మలినాలను, సూక్ష్మజీవులను ఆపుతాయి. తర్వాత అధిక పీడనంతో పనిచేసే ఆర్‌వో పొరలు లవణాలను వేరుచేస్తాయి. సముద్రపు నీటిని మంచినీటిగా మార్చేదీ ఇదే పద్ధతి. 1960 ప్రాంతంలో అమెరికాలో సిడ్నీ లోబ్, భారతీయుడైన శ్రీనివాస సౌరిరాజన్ రూపొందించిన పొరతోనే ఈ పద్ధతి ఆచరణ సాధ్యమైంది.

అయితే మురుగునీటిలో పొరలకు గడ్డు పరీక్ష ఎదురవుతుంది. సూక్ష్మజీవులు, సేంద్రియ పదార్థాలు ఉపరితలంపై పేరుకొని నీటి దారిని మూసివేస్తాయి. అప్పుడు పీడనం పెంచాలి, విద్యుత్ ఖర్చు పెరుగుతుంది. క్లోరిన్‌తో ఆ జీవులను చంపుదామంటే, నేడు విరివిగా వాడే పాలిఅమైడ్ పొర దానికే దెబ్బతింటుంది. అందుకే మలినాలు అంటుకోని, క్లోరిన్‌ను తట్టుకునే పొరల కోసం ప్రపంచవ్యాప్తంగా పరిశోధనలు సాగుతున్నాయి.

పొర ఎంత మెరుగైనా లవణాలను వేరుచేస్తుందే కాని మాయం చేయదు. ఆర్‌వో తర్వాత కొంత భాగం చిక్కని ఉప్పునీరుగా మిగులుతుంది. శుద్ధి చేసిన నీరు సైతం అద్దకం పూర్తయ్యాక రంగులు, రసాయనాలతో తిరిగి మురుగవుతుంది. ఈ రెండింటికీ బాధ్యత ఎవరిదో తేలకపోతే కాలుష్యం ఒక చోటు నుంచి మరో చోటుకు మారినట్లే.

శుద్ధి చేసిన నీటి పునర్వినియోగానికి గుజరాత్ ప్రభుత్వం 2018లో ప్రత్యేక విధానం ప్రకటించింది. సూరత్ బాట పట్టదలచిన నగరాలు శుద్ధి కేంద్రం సామర్థ్యంతోపాటు మరో మూడు అంశాలను ఒప్పందంలోనే తేల్చుకోవాలి: పొరల మన్నిక ఎంతకాలం, వాటి మార్పిడి ఖర్చు ఎవరిది, మిగిలిన ఉప్పునీరు ఎక్కడికి చేరుతుంది.