టీబీ అని రాసే ముందు రక్తం కల్చర్‌కు పంపండి

నాట్ల కాలంలో షుగర్ ఉన్న రైతుకో, కూలీకో జ్వరం పట్టుకుని నాలుగు రోజులైనా దిగకపోతే, టైఫాయిడ్ అనో టీబీ అనో ఊహించి మందులు రాసే అలవాటు మానాలి. అది మెలియాయిడోసిస్ కావచ్చు. దాన్ని కలిగించే బ్యాక్టీరియా తడి మట్టిలో, బురద నీటిలో బతుకుతుంది. కాలి పగుళ్ల నుంచి, ఒక్కోసారి ఊపిరితోనో తాగే నీటితోనో ఒంట్లోకి చేరుతుంది. న్యుమోనియా, కాలేయంలో ప్లీహంలో చీముగడ్డలు, చివరికి రక్తమంతా పాకే ఇన్ఫెక్షన్. ఏటా ప్రపంచంలో 1.65 లక్షల మందికి సోకి 89 వేల మందిని బలిగొంటోందని 2016లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు.

2025లో గుంటూరు జిల్లా తురకపాలెంలో వరుస మరణాలు సంభవించినప్పుడు ఈ జబ్బు పేరు వినిపించింది. అక్కడి మరణాలన్నిటికీ ఇదే కారణమా అన్నది వేరే చర్చ. అనుమానం కలగడానికే అన్ని చావులు చూడాల్సి రావడం మాత్రం క్షమించరానిది.

ఈ జబ్బును నిర్ధారించేది కల్చర్ పరీక్షే. యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే రక్తం తీయాలి. చీము, కఫం, మూత్రం కూడా పంపాలి. ల్యాబ్‌లో మొదట మామూలు సూడోమోనాస్‌లా కనిపించే ఈ సూక్ష్మజీవి, కొన్ని రోజులు ఆగితే ప్లేటు మీద ముడతలు పడ్డ మచ్చల్లా ఎదుగుతుంది. జెంటామైసిన్‌కు, కొలిస్టిన్‌కు లొంగకుండా కో-అమాక్సిక్లావ్‌కు లొంగితే అనుమానం బలపడినట్టే. ఇందుకు కోట్ల రూపాయల యంత్రం అక్కర్లేదు, తెలిసిన టెక్నీషియన్ చాలు. రెండో రోజే ప్లేటు పారేసే తొందరలో రోగి ప్రాణమూ పోతుంది.

చికిత్స ఉంది. కనీసం 10 నుంచి 14 రోజులు సెఫ్టాజిడైమ్ లేదా మెరోపెనెమ్ ఇంజెక్షన్లు, ఆపైన కనీసం మూడు నెలలు కో-ట్రైమోక్సజోల్ మాత్రలు. ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో 30 ఏళ్ల కృషితో మరణాల రేటు 31 శాతం నుంచి 6 శాతానికి దిగింది. అక్కడ కొత్త అద్భుత ఔషధమేదీ పుట్టలేదు. త్వరగా గుర్తించారు, మంచి ఐసీయూలు పెట్టారు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ప్రతి జిల్లా ఆసుపత్రిలో రోజంతా రక్త కల్చర్ వసతి కల్పించాలి. ఈ ఇంజెక్షన్లు నిల్వ ఉంచాలి, మాత్రలు పూర్తి కోర్సుకు ఉచితంగా ఇవ్వాలి, ప్రతి కేసూ నమోదు చేయాలి. రోగుల కుటుంబాలకూ ఒక విన్నపం: జ్వరం తగ్గిందని మాత్రలు ఆపకండి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది.