సభకు చెప్పిన మాటకు గడువుంది

పార్లమెంటులో మంత్రుల నోట తరచు వినిపించే జవాబు ఒకటుంది: ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం.’ వినేవారికి అది దాటవేతలా తోస్తుంది. సభ లెక్కలో మాత్రం అది హామీ. అలాంటి మాటలను రాసిపెట్టుకుని వెంటపడేందుకే లోక్‌సభలో 1953లో ప్రభుత్వ హామీల కమిటీ ఏర్పడింది. మూడు నెలల్లో మాట నిలబెట్టుకోవాలి, కుదరకపోతే కమిటీని అదనపు గడువు అడగాలి. గడువు మీద గడువు తీసుకుంటూ ఏళ్లతరబడి నానుతున్న హామీలూ ఉన్నాయనుకోండి.

గట్టిగా అడిగేవారుంటే ఏమవుతుందో ముంద్రా వ్యవహారం చూపింది. 1957లో జీవిత బీమా సంస్థ హరిదాస్ ముంద్రాకు సంబంధించిన ఆరు కంపెనీల వాటాలను సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలకు కొన్నది. అధికార పక్షంలోనే ఉన్న ఫిరోజ్ గాంధీ సభలో తన ప్రభుత్వాన్నే నిలదీశారు. జస్టిస్ చాగ్లా విచారణ జనం ఎదుటే జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి పదవి వదులుకున్నారు. మంత్రి మొదటే వాస్తవాలన్నీ సభ ముందు పెట్టాలనీ, కింది అధికారి చేసిన పనికి తనకు బాధ్యత లేదనడం చెల్లదనీ చాగ్లా తేల్చారు.

హోసూరులోనో బరంపురంలోనో సిరోంచలోనో తెలుగు చెప్పే పంతులుగారికి దీనితో పనేమిటి? చాలా ఉంది. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరిన 350-బి అధికరణం భాషా అల్పసంఖ్యాకుల కోసం ఒక కమిషనర్‌ను ఏర్పరచింది. ఆయన నివేదిక రాష్ట్రపతి ద్వారా ఉభయ సభల ముందుకు వస్తుంది. అందులోని వివరాలు ఎక్కువగా రాష్ట్రాలు పంపిన జవాబులే. రాష్ట్రానికి ఆ సమాచారం వెళ్లేది జిల్లా విద్యా కార్యాలయం బల్ల మీద నుంచి. తరగతిలో పదిమంది లేదా బడిలో నలభైమంది పిల్లలుంటే ప్రాథమిక దశలో వారి భాషలో బోధన ఏర్పాటు చేయాలన్నది 1949 నుంచీ ఉన్న సూత్రం. దరఖాస్తులు బీరువాలో ఉంచుకుని ‘ఎవరూ అడగలేదు’ అని ఒక గుమస్తా రాస్తే, ఆ అబద్ధమే అంచెలంచెలుగా ఢిల్లీ చేరి సభా పత్రమవుతుంది. మంత్రి తెలిసి చెప్పిన తప్పు కాదది. అయినా సభకు చేరింది తప్పే.

సరిదిద్దే దారి ఉంది. మంత్రి ప్రకటనలో పొరపాటుంటే స్పీకర్ నిర్దేశాల్లో 115వది కింద సభ్యుడెవరైనా ఎత్తిచూపవచ్చు. కానీ ఎంపీ చేతిలో కాగితం ఉండాలి. మన సంఘాలు ఎంపీలకు శాలువాలు కప్పినంత శ్రద్ధగా కాగితాలు ఇవ్వడం లేదు. ‘విద్య రాష్ట్రాల విషయం’ అని మంత్రి తప్పుకోబోతే, 1976 సవరణతో అది ఉమ్మడి జాబితాలోకి వచ్చిందని ఎంపీ గుర్తుచేయాలి.

పిల్లల పేర్ల జాబితా, తల్లిదండ్రుల దరఖాస్తుల నకళ్లు, వాటిపై కార్యాలయం తేదీ ముద్ర ముందుగా సిద్ధం చేసుకోవాలి. ముద్ర వేయనంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచాలి. ఆపైన సమాచార హక్కు చట్టం కింద ‘మా దరఖాస్తు ఏమైంది?’ అని అడిగితే 30 రోజుల్లో జవాబు రావాలి. బడులు తెరిచిన వారంలోనే ఈ పని మొదలైతే శీతాకాల సమావేశాల నాటికి ఎంపీ దగ్గరకు వెళ్లవచ్చు.