పాపసంకీర్తనము ఎవరి వంతు?

ఒకప్పుడు ఐర్లండు దేశమున ఆదివారము ఉదయమనగా చర్చికి పోవుటయే. 1970 దశకారంభమున అచ్చటి కాథలిక్కులలో నూటికి 90 మంది వారము తప్పక దివ్యబలిపూజకు హాజరగుచుండిరి. ఐరోపాలో అంతటి నిష్ఠ కనబరచిన దేశములు బహు అరుదు. నేడు ఆ సంఖ్య సగమునకు మిక్కిలి దిగువకు జారినది. అయినను జనాభా లెక్కలలో తాము కాథలిక్కులమని చెప్పుకొన్నవారు 2016లో నూటికి 78 మంది, 2022లో 69 మంది. అనగా పేరు విడువనివారే పెక్కుమంది చర్చి గడప త్రొక్కుట మానిరి. దేవుని కాదన్నవాడు చర్చికి రాకుండుటలో వింత లేదు. దేవుని కాదననివాడేల రాకున్నాడు? ఆలోచింపదగిన ప్రశ్న ఇదియే.

దీనికి వాడుకగా వినవచ్చు సమాధానము ఒకటి కలదు. సంపద పెరిగినది, చదువు పెరిగినది, జనులు పల్లెలు విడిచి నగరములు చేరిరి, ఆదివారమునకు వేరు వినోదములు దొరకినవి. కావున భక్తి సన్నగిల్లినదని పెద్దలు నిట్టూర్చుచుందురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. కాని ఆ జాతి చరిత్ర నెరిగినవారికి ఈ సమాధానముతో తృప్తి కలుగదు. 18వ శతాబ్దమున ఆంగ్ల పాలకుల శాసనములు కాథలిక్కులను అణగద్రొక్కిన దినములలో ఐరిషు రైతులు ఊరికి దూరముగా ఒక రాతిబండనే బలిపీఠముగా చేసికొని, కావలి నుంచుకొని, పూజ జరుపుకొనిరి. ఆ బండలను నేటికిని అచ్చట చూపుచుందురు. శాసనభయము మాన్పలేని అలవాటును టెలివిజను పెట్టె మాన్పినదనుట ఎంతవరకు సమంజసము?

అట్లని ఆనాటి నిండు చర్చిలలోనివన్నియు నిండు హృదయములే యనుటయు పొరపాటు. ఊరిలో ఒక్క ఆదివారము కనబడనివానిని పొరుగు కన్ను వెదకుచుండెను. బడి చర్చిది, పెక్కు తావుల ఆసుపత్రియు చర్చిదే. 1937 నాటి రాజ్యాంగము కాథలిక్కు చర్చికి ప్రత్యేకస్థానము నొసగెను. 1972లో ప్రజలే ఓటు వేసి ఆ వాక్యమును తొలగించిరి. భయమువలన వచ్చినవారు భయము తొలగగానే వెళ్ళుట సహజము. విచారింపవలసినది ప్రేమతో వచ్చి బాధతో వెళ్ళినవారిని గూర్చి.

అట్టివారిలో స్త్రీలు మొదటివారు. గర్భనిరోధక సాధనముల అమ్మకమును 1935 నాటి చట్టము నిషేధించియుండెను. 1968లో ఆరవ పౌలు పోపు కృత్రిమ గర్భనిరోధము ధర్మవిరుద్ధమని తన లేఖలో మరల శాసించెను. ఏటేట కానుపులతో శుష్కించిన తల్లి పాపసంకీర్తనపు గూటిలో మోకరిల్లి మతగురువుతో తన గోడు చెప్పుకొన్నచో, తరచుగా ఆమెకు లభించినది నియమమే గాని ఊరట కాదు. 1971లో కొందరు మహిళలు రైలెక్కి బెల్‌ఫాస్టుకు పోయి, ఆ సాధనములను కొని తెచ్చి, డబ్లిన్ స్టేషనులో అందరియెదుట చూపిరి. తక్కిన తల్లులు అంత సాహసింపలేదు. అంతరాత్మ నడిగి తామే నిర్ణయించుకొని, పాపసంకీర్తనమునకు పోవుట మెల్లగా మానిరి. ఆదివారపు పూజకు మాత్రము పిల్లల చేయి పట్టుకొని వచ్చుచునే యుండిరి. ఈ తొలి హెచ్చరికను చర్చి చదువుకొనలేదు.

1979లో రెండవ జాన్ పాల్ పోపు డబ్లిన్ వచ్చినప్పుడు ఫీనిక్సు పార్కున పది లక్షలకు పైగా జనులు గుమిగూడిరి. అంతయు కుశలమేయని పెద్దలు తలచిరి. 1992లో గాల్వే బిషప్పు ఒక కుమారునికి తండ్రియని తెలిసినప్పుడు లోకము నివ్వెరపోయెను. అయినను అది ఒక మనిషి బలహీనతయని సరిపెట్టుకొనవచ్చును. 2009లో వెలువడిన రెండు విచారణ నివేదికలు అట్లు సరిపెట్టుకొన వీలులేనివి. మఠసంఘములు నడపిన పారిశ్రామిక పాఠశాలలలో పేదపిల్లలు దశాబ్దములపాటు పడిన దెబ్బలను, ఆకలిని, లైంగిక అత్యాచారములను మొదటిది బయటపెట్టెను. పిల్లలను చెరచిన గురువుల సంగతి తెలిసియు, సంస్థ పరువును ఆస్తిని కాపాడుకొనుటకై డబ్లిన్ అగ్రపీఠము రహస్యము పాటించెనని రెండవది నిర్ధారించెను. కంచెయే చేను మేసినది. మేయుట చూచిన కావలివాడు నోరు మెదపలేదు.

ఇచ్చట చర్చి పక్షమున ఒక వాదము కలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. గురువు పాపియైనను అతడు జరుపు సంస్కారము చెడదని అగస్టీను పదునారు శతాబ్దముల క్రిందటనే వాదించి నిలిపెను. పూజ దేవునిది, పూజారిది కాదు. ఎవరో చేసిన పాపమునకు బలిపూజను విడుచుట న్యాయమా? వ్యక్తిదోషమునకు ఈ మాట సరిపోవును. దోషమును దాచుటకు పీఠమే పూనుకొన్ననాడు సరిపోదు. ఏలయన అప్పుడు చెడినది గురువొక్కడు కాదు, పీఠము పలుకు మాట.

కాథలిక్కు బిడ్డకు ఏడెనిమిదేండ్ల వయసుననే పాపసంకీర్తనము నేర్పుదురు. ఆత్మపరిశోధన, పశ్చాత్తాపము, మరల చేయనన్న సంకల్పము, దాచక చెప్పుట, విధించిన ప్రాయశ్చిత్తమును తీర్చుట అను ఐదును అందుకు అంగములు. అబద్ధమాడిన పసివానికడ ఈ ఐదింటిని కోరిన చర్చి తన వంతు వచ్చినప్పుడేమి చేసెను? తానై చెప్పలేదు; బాధితులు, పత్రికలవారు, ప్రభుత్వ విచారణలు చెప్పించిరి. ప్రాయశ్చిత్తమందురా, 2002లో ప్రభుత్వముతో కుదిరిన ఒప్పందమున మఠసంఘములు తమ వంతుగా ఒప్పుకొన్నది 12 కోట్ల 80 లక్షల యూరోలు. బాధితుల పరిహారపు ఖర్చు మొత్తము వంద కోట్ల యూరోలు దాటెను. అందు పెద్దపాలు పన్ను కట్టు ప్రజలపై పడెను. 2010లో పదునారవ బెనెడిక్టు పోపు లేఖ వ్రాసి విచారము తెలిపెను. 2018లో ఫ్రాన్సిస్ పోపు అదే ఫీనిక్సు పార్కున క్షమాపణ వేడెను. ఆ మాటలలో నిజాయితీ లేదనరాదు. కాని అవి మిక్కిలి ఆలస్యముగా వచ్చినవి. ఆనాడు ఆ మైదానమున నిలిచి వినినవారు 1979 నాటి జనసందోహములో కొద్దిపాలు మాత్రమే.

వెళ్ళినవారు సుఖముగా వెళ్ళిరని తలపరాదు. సంతోషమునకును దుఃఖమునకును ఊరంతయు ఒక్కచోట చేరు తావు వారికి పోయినది. అచ్చటి ప్రాథమిక పాఠశాలలలో నూటికి తొంబదికి చేరువగా నేటికిని కాథలిక్కు చర్చి ఆధ్వర్యముననే యున్నవి. పూజకు రాని తలిదండ్రులే బిడ్డకు తెల్లని దుస్తులు తొడిగి ప్రథమ సత్ప్రసాద స్వీకారమునకు తెత్తురు. మరుసటి ఆదివారమునుండి కనబడరు. దీనిని కపటమనువారు కలరు. ఇంకను తెగిపోని బంధమునకు గుర్తనుట న్యాయము. మరియొక వైపున, ఏ దోషమెరుగని వృద్ధగురువులు రెండు మూడు చర్చిల భారమును మోయుచు, ఇతరుల పాపమునకు తాము తలవంచుకొని నడచుచున్నారు. వారి మౌనమునుగూడ ఈ లెక్కలో చేర్చుకొనవలెను.

రానివారిని నిందించు ప్రసంగము రానివారి చెవిని పడదు. వచ్చినవారికి అది అక్కరలేదు. చర్చి చేయదగినది వేరు. దస్త్రములను దాచక తెరవవలెను. పరిహారపు బాకీని పూర్తిగా తీర్చవలెను. నిర్ణయములలో స్త్రీలకును సామాన్య విశ్వాసులకును పాలు పంచవలెను. ఇవన్నియు చేసిన పిమ్మటనైనను జనులు తిరిగి వత్తురో రారో చెప్పజాలము. రాకున్నను చేయవలసినదే. బల్లలు నిండునన్న ఆశతో చేయు పశ్చాత్తాపము బేరమగును. పాపసంకీర్తనపు గూటిలో బేరమునకు తావులేదని శతాబ్దములుగా బోధించుచు వచ్చినది ఆ చర్చియే గదా!