సావిత్రి గతి

పొద్దున్నే పాలవాడు రాకముందే మా గేటు చప్పుడయిందంటే ఎదురింటావిడ వచ్చిందన్నమాటే. వాళ్ళది మేడ్చల్ దగ్గర పల్లె. నేను కొంపల్లిలో ఇల్లు కట్టుకున్న నాటినుంచీ నన్ను "అక్కా" అంటుంది, వాళ్ళమ్మాయి "పెద్దమ్మా" అంటుంది. పంచదారో, తోడు పెరుగో కావాలేమో అనుకున్నాను. తీరా చూస్తే ఆవిడ చేతిలో ఒక ఫారం ఉంది. డిగ్రీ పూర్తిచేసిన కూతురు సినిమా డైరెక్షన్ కోర్సులో చేరతానని పట్టుబట్టిందట.

"నువ్వన్న జెప్పక్కా దానికి! సావిత్రి గతేమైందో ఎరుకే గద! అంత పెద్ద సావిత్రికే అట్లయితే మా పోరి ఎంత?"

నాకింకా కాఫీ కూడా పడలేదు. ఒళ్ళు మండిపోయింది.

ఈ "సావిత్రి గతి" అన్న మాట నాకు కొత్త కాదు. మా ఇంట్లో పేరంటాల్లో విన్నాను, పెళ్ళిళ్ళలో విన్నాను. నేను కథలు రాయడం మొదలుపెట్టిన రోజుల్లో చుట్టాలావిడ ఒకావిడ, "పేరొచ్చిన ఆడదానికి కాళ్ళు నేలమీద నిలవవమ్మా, సావిత్రిని చూడలేదూ!" అని హెచ్చరించింది. నా మొదటి నవల డబ్బుతో నేను మిక్సీ కొనుక్కున్నాను. నా కాళ్ళు అంతకంటే పైకి లేచినట్టు గుర్తులేదు.

2018లో 'మహానటి' వచ్చినప్పుడు మా కొంపల్లి మల్టీప్లెక్సులోనే చూశాను. కీర్తి సురేష్‌కి జాతీయ అవార్డు తెచ్చిన సినిమా. హాలంతా ముక్కులు చీదుకుంటోంది, నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు? కానీ బయటికొచ్చి లిఫ్టు కోసం నిలబడితే చుట్టూ ఒకటే మాట. "పాపం, తాగుడు చంపేసింది." "మగాణ్ణి నమ్మి నాశనమైపోయింది." ఒక తల్లయితే పదేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని, "చూశావా మరి!" అంది. ఏం చూడమని? మూడు గంటల సినిమాలోంచి ఆ పిల్ల ఇంటికి పట్టుకెళ్ళాల్సింది ఒక్క సీసాయేనా?

పోనీ, సీసా సంగతే మాట్లాడుకుందాం.

1953లో 'దేవదాసు' వచ్చింది. అందులో పార్వతి సావిత్రే. ఆ కథలో తాగి తాగి చచ్చిపోయేది ఎవరు? దేవదాసు. పెద్దల మాటకు ఎదురుచెప్పే ధైర్యం లేక ప్రేమించిన పిల్లను వదులుకుని, ఆ దిగులుతో తాగి, చివరికి ఆమె గుమ్మం ముందు ప్రాణం వదిలిన మనిషి. అతనికి మనం ఏం పేరు పెట్టాం? అమర ప్రేమికుడన్నాం. గడ్డం పెంచుకున్న ప్రతి కుర్రాణ్ణీ "ఏరా దేవదాసూ" అని ముద్దుగా పిలిచాం. డెబ్బై ఏళ్ళు దాటినా అతని కోసం మన కన్నీళ్ళు ఆరలేదు. మరి అదే సినిమాలో పార్వతి వేసిన మనిషి నిజజీవితంలో గుండె పగిలి తాగితే? "పతనం" అంటాం. తెరమీది మగవాడు తాగితే ప్రేమ, తెర దిగిన ఆడది తాగితే బుద్ధి లేకపోవడం! ఈ తూకం రాళ్ళు ఎవరింట్లో తయారయ్యాయో గానీ, వాటిని చీరకొంగున కట్టుకుని తిరుగుతున్నది మాత్రం మనమే.

డబ్బు సంగతీ అంతే. చిత్తూరు నాగయ్యగారు అడిగినవాడికీ అడగనివాడికీ ఇచ్చి, సొంత సినిమాలు తీసి, చేతిలో ఏమీ లేకుండా 1973లో వెళ్ళిపోయారు. ఆయన్ని ధర్మాత్ముడన్నాం. ఆయన ధర్మాత్ముడే, అందులో సందేహం లేదు. సావిత్రీ ఇచ్చింది. 1965 యుద్ధ సమయంలో ఒంటిమీది నగలు తీసి లాల్ బహదూర్ శాస్త్రిగారి చేతిలో పెట్టింది. ఆమె కూడా సొంత సినిమా తీసి నష్టపోయింది. ఆమెను మాత్రం "వెర్రిబాగులది, లెక్కాజమా తెలియనిది" అన్నాం. నాగయ్యగారి పేరు చెప్పి ఏ తల్లయినా కొడుకుని సినిమాల్లోకి వెళ్ళద్దనగా విన్నారా? నేను వినలేదు.

ఇక పెళ్ళి. జెమినీ గణేశన్‌గారికి అప్పటికే భార్య ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆయనకి తమిళనాడు ఇచ్చిన బిరుదు "కాదల్ మన్నన్", అంటే ప్రేమ సామ్రాట్టు! ఆమెకి మనమిచ్చిన బిరుదు "మోసపోయిన పిచ్చిది". ఒకే పెళ్ళి, రెండు బిరుదులు.

ఇది మన తెలుగువాళ్ళ జబ్బే అనుకుంటే పొరపాటు. హాలీవుడ్‌లో జీన్ హార్లో అని ఒక తార ఉండేది. 1937లో, ఇరవయ్యారేళ్ళకే మూత్రపిండాలు చెడి చనిపోయింది. అది జబ్బు, ఎవరికైనా రావచ్చు. కానీ లోకం ఊరుకుంటుందా? జుట్టుకు పూసుకున్న రంగే విషమై చంపిందని కథలల్లారు. తల్లి వైద్యం చేయించలేదన్నారు. హాస్యం ఎంత బాగా పండించేదో చెప్పుకోవడానికి మాత్రం తీరిక దొరకలేదు. మార్లిన్ మన్రో 1962లో పోయింది, ముప్ఫయ్యారేళ్ళకి. ఆమె నిద్రమాత్రల గురించి తెలియనివాళ్ళు లేరు. సొంత నిర్మాణ సంస్థ పెట్టి స్టూడియోతో పోట్లాడి తన షరతులు నెగ్గించుకుందని ఎంతమందికి తెలుసు?

సావిత్రి గుంటూరు జిల్లా చిర్రావూరు పిల్ల. తండ్రి లేడు, పెదనాన్న పెంపకం. 1950లో 'సంసారం'లో చేతికొచ్చిన పెద్ద వేషం జారిపోయింది. మరుసటేడు 'పాతాళభైరవి'లో ఒక నాట్యం దక్కింది. 1955 'మిస్సమ్మ'లో మొదట అనుకున్న కథానాయిక భానుమతిగారు. ఆవిడకీ నిర్మాత చక్రపాణిగారికీ చెడింది. రెండో పాత్ర వెయ్యాల్సిన సావిత్రి మొదటి పాత్రలోకి వచ్చింది, సావిత్రి పాత్ర జమునకి వెళ్ళింది. తల్లిదండ్రుల అప్పు తీర్చడానికి ఉద్యోగం వెతుక్కుంటూ, ఎవడో మగవాడి భార్యనని అబద్ధమాడాల్సి వచ్చిన ఆ టీచరమ్మ చిరాకుంది చూశారూ, ఇల్లూ ఉద్యోగమూ లాక్కొచ్చే ఏ ఆడదైనా ఈ రోజుకీ అందులో తన మొహం చూసుకోవచ్చు.

1957 'మాయాబజార్' మళ్ళీ పెట్టుకుని చూడండి. అందులో ఆమె శశిరేఖ మాత్రమే కాదు, శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు కూడా. ఆ నాజూకు పిల్ల ఒక్కసారి భుజాలు విరిచి నడిచేసరికి లోపలున్నది ఎస్.వి. రంగారావుగారని పసిపిల్లలకు కూడా తెలిసిపోతుంది. మీసం లేదు, గద లేదు. ఉత్త నడకా, చూపూను! ఇంకా ఇరవైల్లో ఉన్న మనిషి చేసిన పని అది. 1960లో 'చివరకు మిగిలేది'. మతి చెడిన రోగుల్ని ప్రేమ నటించి బాగుచేసే నర్సు, చివరికి తనే మతి పోగొట్టుకుంటుంది. బెంగాలీలో సుచిత్రా సేన్ వేసిన పాత్ర.

1968లో సావిత్రి డైరెక్టర్ కుర్చీలో కూర్చుంది. 'చిన్నారి పాపలు'. ముఖ్యమైన శాఖలన్నీ ఆడవాళ్ళవే, సంగీతం పి. లీల. ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు బ్యాంకుకెళ్ళి సంతకం పెట్టడానికే తటపటాయించేవాళ్ళు! తర్వాత 'మాతృదేవత'కు దర్శకత్వం చేసింది. 'మూగమనసులు' కథని 1971లో తమిళంలో 'ప్రాప్తం'గా తీసింది. అది ఆడలేదు, డబ్బు పోయింది. ఆ తర్వాత కష్టాలొచ్చాయి. వాటిని నేను దాచిపెట్టమనడం లేదు. పందొమ్మిది నెలలు స్పృహ లేకుండా పడి ఉండి 1981 డిసెంబరు 26న మద్రాసులో పోయింది. యాభయ్యేళ్ళు నిండలేదు. ముప్ఫై ఏళ్ళ పని మీద ఆ చివరి పందొమ్మిది నెలల్నీ దుప్పటిలా కప్పేసి, "ఇంతే, సావిత్రి" అంటారే, అక్కడే నా పేచీ.

ఎదురింటావిడకి ఇదంతా వరసగా చెప్పలేదు లెండి. పాలు పొంగిపోతుంటే మధ్యలో లేచాను కూడా. ఈలోగా వాళ్ళమ్మాయి వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. 'చిన్నారి పాపలు' మాట చెవిన పడగానే లోపలికొచ్చింది.

"సావిత్రి డైరెక్టరా పెద్దమ్మా? నిజంగనా?"

డైరెక్షన్ చదవాలని తల్లితో పోట్లాడుతున్న పిల్ల! 'మహానటి' నాలుగుసార్లు చూసిందట. ఆ కబురు దాని బుర్రలో నిలవనే లేదు. మిగతావన్నీ తేదీలతో సహా తెలుసు.

"అందరు ఆడోళ్ళేనా అక్కా?" అంది వాళ్ళమ్మ, కాఫీ గ్లాసు కింద పెట్టి.

"పెద్ద పనులన్నీ వాళ్ళవే."

"మరి లాసైంది గద?"

"అయింది. మీ ఆయన పెట్టిన చికెన్ సెంటరూ లాసయింది. అతన్ని చూపించి ఎవర్నన్నా వ్యాపారం మానుకోమన్నావా?"

ఆవిడ నవ్వింది. పిల్ల నవ్వలేదు, ఫారం వెనక మూడు సినిమాల పేర్లూ రాసుకుంది. సంతకం మాత్రం ఇంకా కాలేదు, వాళ్ళాయన్ని అడగాలట. ఆదివారం ముగ్గుర్నీ మా ఇంటికి రమ్మన్నాను, 'మాయాబజార్' పెడతానని. సినిమా అయ్యేవరకూ సీసా మాటెత్తితే పకోడీలు పెట్టనని కూడా చెప్పాను.