కరెంటు వైద్యానికీ పథ్యం ఉండాలి

ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవి మొదలయ్యే చోట, గోదావరి కుడి గట్టున ఉన్న సారపాకలో 1979 నుంచి కాగితం తయారవుతోంది. ఆ మిల్లును నడుపుతున్న ఐటీసీ 2002లో క్లోరిన్ వాయువును విడిచి, క్లోరిన్ డయాక్సైడ్‌తో గుజ్జును తెల్లబరిచే పద్ధతికి దేశంలో అందరికంటే ముందు మారింది. డయాక్సిన్ల వంటి విషాలు పుట్టే దారిని మొదట్లోనే చాలావరకు మూసిన ఆ మార్పును మెచ్చుకోవలసిందే. అయితే కాగితపు పరిశ్రమకు మిగిలిన చిక్కు ఆ మెప్పుతో తీరేది కాదు.

జామాయిల్, సుబాబుల్ కర్రలో పీచును అంటిపెట్టుకుని ఉండే జిగురు వంటి పదార్థాన్ని లిగ్నిన్ అంటారు. కర్రను ఉడికించినప్పుడు దానిలో అధికభాగం నల్లని ద్రవంగా విడిపోయి బాయిలర్‌కు ఇంధనమవుతుంది. గుజ్జులో మిగిలిపోయిన కాస్త లిగ్నినే ఆ తర్వాత కడుగునీటికి గోధుమ రంగునిస్తుంది. బాక్టీరియాతో నడిచే మామూలు శుద్ధి తేలికపాటి సేంద్రియాలను తినివేస్తుంది గానీ, లిగ్నిన్ ముక్కలను, వాటికి క్లోరిన్ అతుక్కుని ఏర్పడే సమ్మేళనాలను అంత తేలికగా అరిగించుకోలేదు. జీవశుద్ధిని మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో తెలుగునేలకు మందుల కంపెనీల పటాన్‌చెరు ఏనాడో చూపింది: అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్టు 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

విద్యుత్ రసాయన శుద్ధి అవసరమయ్యేది సరిగ్గా బాక్టీరియా అరిగించుకోలేని ఇలాంటి మొండి పదార్థాల దగ్గరే. ఇందులో రెండు దారులున్నాయి. ఇనుప పలకలను వ్యర్థజలంలో ముంచి కరెంటు పంపితే ధనధ్రువంగా ఉన్న పలక కరిగి, ఆ ఇనుము నీటిలోని రంగును, నలుసులను ముద్దకట్టించి అడుగుకు దించడం మొదటిది. లోహపు ఆక్సైడ్ల పూత వేసిన టైటానియం వంటి కరగని పలకల మీద చురుకైన ఆక్సీకరణ పదార్థాలను పుట్టించి, మొండి అణువులను ముక్కలు చేయడం రెండోది. తమిళనాడులోని కారైకుడిలో 1953 నుంచి పనిచేస్తున్న కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధనా సంస్థ వంటివి దేశంలోనే ఉండగా, ఈ విద్యను విదేశీ వింతగా చూడనక్కర లేదు.

కానీ కరెంటు మాలిన్యాన్ని మాయం చేయదు, దాని రూపు మారుస్తుంది. వెయ్యి ఆంపియర్-గంటల విద్యుత్తుకు కిలోకు కాస్త పైగా ఇనుము కరుగుతుంది; ఆ కిలో ఇనుము ఫెర్రిక్ హైడ్రాక్సైడ్‌గా మారితే, అది పట్టుకున్న మురికిని, తడిని కలపకుండానే దాదాపు 1.9 కిలోల మడ్డి అవుతుంది. దాన్ని అడవి పక్కన గుట్టగా పోస్తే శుద్ధి జరిగింది కాగితం మీదే. రెండో పద్ధతిలో ప్రమాదం ఇంకా సూక్ష్మమైనది: నీటిలో ఉప్పు ఉంటే అందులోని క్లోరైడ్ ధనధ్రువం వద్ద క్లోరిన్‌గా మారి సేంద్రియాలకు అతుక్కోవచ్చు, లేదా క్లోరేట్, పెర్‌క్లోరేట్‌లుగా తేలవచ్చు. రంగు పోయి నీరు తేటపడినా కొత్త విషం చేరి ఉండవచ్చునన్న మాట.

కాబట్టి ఈ శుద్ధిని స్వచ్ఛంద ప్రయోగంగా వదలకుండా, గోదావరి గట్టున నడిచే ప్రతి రసాయన ఆధారిత పరిశ్రమ అనుమతి పునరుద్ధరణలోనూ కాలుష్య నియంత్రణ మండలి షరతుగా చేర్చాలి. అదే సమయంలో దాన్ని సామర్థ్య విస్తరణకు సాకుగా ఒప్పుకోకూడదు. చిక్కని వ్యర్థాన్ని మంచినీటితో కలిపితే లీటరు లెక్క తగ్గుతుందే తప్ప నదికి చేరే బరువు తగ్గదు గనుక, కాగితపు మిల్లుల్లో గుజ్జును తెల్లబరిచే దశలో వచ్చే నీటిని వేరే కాలువలో పట్టి, అక్కడే కరెంటు శుద్ధి చేయించాలి. కరెంటు ఖర్చు భారమన్న వాదన బాయిలర్ ఆవిరితో సొంత విద్యుత్తు పుట్టించుకునే పెద్ద మిల్లుల నోట అంతగా అతకదు. కాలుష్యకారకుడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లోనే వెల్లూరు కేసులో స్థిరపరచింది.

క్లోరిన్ అతుక్కున్న సేంద్రియాలు, క్లోరేట్, పెర్‌క్లోరేట్, మడ్డి బరువు, దాన్ని తరలించిన చోటు, ఈ లెక్కలన్నీ నెలనెలా తెలుగులో గ్రామసభల ముందుకు రావాలి. సారపాక అయిదో షెడ్యూలు ప్రాంతం, గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పీసా చట్టం వర్తించే నేల. ఇక నది నీటి పరీక్షకు నమూనాను గోదావరి నిండుగా పారే శ్రావణంలో కాక, ఇసుక తిన్నెల మధ్య పాయగా మిగిలే మే నెలలో తీయాలి.